చెమట పట్టే కుండలు

మా క్లాసులో కుండ కారితే మార్కులు తగ్గుతాయి. అడుగు మరీ పలచనైనా కారుతుంది, అతుకు సరిగా కుదరకపోయినా కారుతుంది. ఏటా ఆగస్టులో కొత్త పిల్లలు రాగానే నేను మొదట చెప్పే సంగతుల్లో ఇదొకటి. అలాంటిది 2024 సెప్టెంబరులో సెరామిక్స్-2 పిల్లలు 23 మంది ముందు నిలబడి, "ఈ ఏడాది మీరు చేసే కుండకి చెమట పట్టాలి. పట్టకపోతే అది పనికిరాదు" అన్నాను. ముందు వరుసలో అమ్మాయి చెయ్యెత్తి, "మిస్, అంటే కారాలా?" అని అడిగింది. కారకూడదు, ఊరాలి అని చెప్పాను. ఆ రెండిటికీ ఉన్న తేడా పిల్లలకీ నాకూ పూర్తిగా అర్థమయ్యేసరికి ఎనిమిది నెలలు పట్టింది.

నేను డాలస్‌కి ఉత్తరాన ఒక పబ్లిక్ హైస్కూల్లో సెరామిక్స్ చెబుతాను. ఊరికి ఫోన్ చేసినప్పుడు బంధువులు ఇప్పటికీ అడుగుతుంటారు, హైస్కూల్లో కుండలు నేర్పడమేమిటని. టెక్సస్‌లో హైస్కూల్ పూర్తి చేయాలంటే లెక్కలు, సైన్సుతో పాటు ఫైన్ ఆర్ట్స్‌లోనూ ఒక క్రెడిట్ ఉండాలి. కొందరు బ్యాండ్ తీసుకుంటారు, కొందరు నాటకం, కొందరు బొమ్మలు వేయడం. మట్టి ముట్టుకోవాలని ఉన్నవాళ్ళూ, ఇంకే క్లాసులోనూ చోటు దొరకనివాళ్ళూ నా దగ్గరికి వస్తారు. నాకు ఇద్దరూ ఒకటే. నేను హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో శిల్పం చదివాను. పెళ్ళయ్యాక ఇక్కడికొచ్చి, వీసా మారేదాకా కొన్నేళ్ళు ఇంట్లో ఉండి, తర్వాత టీచర్ పరీక్షలు రాసి 2013లో ఈ ఉద్యోగంలో చేరాను. అప్పటినుంచీ రోజూ ఇంటికి వచ్చేటప్పుడు నా గోళ్ళల్లో మట్టి ఉంటుంది.

ఇంటి వెనక కొంచెం చోటుంది. గోంగూర, బచ్చలి, సొర, దొండ, నాలుగు టమాటా మొక్కలు వేస్తాను. కరివేపాకు కుండీలో పెట్టి చలికాలం గరాజ్‌లోకి లాగుతాం. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో రోజుల తరబడి కరెంటు పోయి, మేమే కోట్లు వేసుకుని పడుకున్న ఇంట్లో, గుమ్మమంత ఎత్తు పెరిగిన మా కరివేపాకు చెట్టు చచ్చిపోయింది. మావారు దాని మొదలుని నాలుగు నెలలు అలాగే ఉంచారు, చిగురేస్తుందేమోనని.

ఈ ఇంటికి వచ్చిన కొత్తలో మొదటిసారి గునపం వేసినప్పుడు పైకొచ్చిన మట్టిని చూసి నేను కాసేపు తవ్వడం మానేసి కూర్చుండిపోయాను. నల్లరేగడి. మా పల్నాడు మట్టే. డాలస్ చుట్టుపక్కల పెద్ద మేరని బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంటారు. ఒకప్పుడు ఇదంతా పత్తి పండిన నేల. వాన పడితే చెప్పులకి అంటుకుని కిలో బరువు తూగుతుంది, ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. ఇళ్ళ పునాదులు పగలకుండా జనం వేసవిలో పునాది చుట్టూ నీళ్ళు పెడుతుంటారు, మనం మొక్కలకి పెట్టినట్టు.

తోటకి నీళ్ళు పెట్టడమే కష్టం. పైపుతో పెడితే సగం నెర్రెల్లోకి పోతాయి, మిగతా సగం ఎండ తాగేస్తుంది. మా సిటీలో స్ప్రింక్లర్లు వారానికి రెండు రోజులే వాడాలి. ఒకరోజు అమ్మతో ఫోన్లో ఈ బాధ చెప్పుకుంటుంటే, "మన నిమ్మ మొక్కకి ఏం చేశామే? కుండ పెట్టలేదూ?" అంది. గుర్తొచ్చింది. మేం చిన్నప్పుడు పాత కుండ అడుగున చిల్లు పెట్టి, గుడ్డ పీలిక దూర్చి, మొక్క మొదట్లో పాతేది. సాయంత్రం ఒక బిందె పోస్తే రెండు రోజులు చాలేది. చిల్లు కూడా అక్కర్లేని పద్ధతి ఉందని తర్వాత చదివాను. గ్లేజ్, అంటే గాజులాంటి పూత, లేని మట్టికుండని మెడ దాకా నేలలో పాతి, నీళ్ళు నింపి మూత పెడితే చాలు. గోడలోంచి నీరు నెమ్మదిగా ఊరుతుంది. చుట్టూ మట్టి పొడిగా ఉంటే లాక్కుంటుంది, తడిగా ఉంటే లాక్కోదు. కుండకి మనం చెప్పేదేమీ లేదు, మొక్క తాగినంతే ఇస్తుంది. రెండు వేల ఏళ్ళ కిందటి చైనా వ్యవసాయ గ్రంథంలో కూడా ఈ పద్ధతి ఉంది. మన నిమ్మ మొక్క కుండకి అంత పెద్ద వంశం ఉందని తెలిసి నాకు చాలా సంతోషమేసింది.

క్లాసులో ఈ సంగతి చెప్పగానే వెనక బల్ల దగ్గర నుంచి ఒక అమ్మాయి, "మా అమ్మమ్మ దీన్ని ఓయా అంటుంది మిస్" అంది. వాళ్ళది మెక్సికో. స్పానిష్‌లో ఓయా అంటే కుండే. అమెరికా నైరుతి రాష్ట్రాల్లో ఈ తోటకుండల్ని ఇంగ్లీషులో కూడా ఆ పేరుతోనే పిలుస్తారు. అప్పటిదాకా ఏడాదిన్నరలో ఆ అమ్మాయి క్లాసులో తనంతట తాను మాట్లాడింది నాకు గుర్తులేదు. ఆ రోజు నుంచి అందరం ఓయా అనే అన్నాం.

మా ఆర్ట్ గదుల వెనక, కార్ల పార్కింగ్ పక్కన ఖాళీ నేల ఉంది. ప్రిన్సిపాల్ గారు అక్కడ తోట వేసుకోమన్నారు. పిల్లలు ఒక అడుగు ముందుకేసి, ఆ నేలలోని మట్టితోనే కుండలు చేసి మళ్ళీ ఆ నేలలోనే పాతుదామన్నారు. నాకూ ఆ ఆలోచన తెగ నచ్చింది. సెప్టెంబరు ఎండలో గడ్డపారలతో ఎనిమిది బకెట్లు తవ్వారు. నీళ్ళలో నానబెట్టి, జల్లెడ పట్టి, పాత దిండు గలేబుల్లో వేలాడదీసి నీరు కార్చి, పిసికి ముద్దలు చేశారు. ఇంత పని వాళ్ళు మార్కుల కోసం చేయలేదు. బడి గంట కొట్టినా కదిలేవాళ్ళు కాదు.

మొదట చిన్న పలకలు చేసి, ఒక్కోదాని మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీయించాను. ఎండాక కొలిస్తే అది ఎనిమిదిన్నరకి వచ్చింది. మేం బస్తాల్లో కొనే మట్టిలో అదే గీత తొమ్మిదిన్నర దగ్గర ఉంటుంది. అంటే ఈ మట్టి ఎండేటప్పుడు అంత ముడుచుకుపోతోంది. పలకల్లో సగం అడ్డంగా పగిలాయి. నేల నెర్రెలిచ్చినట్టే కుండా నెర్రెలిస్తుంది, కారణం ఒకటే. కాల్చిన మట్టిని పొడి చేసి కలిపాం. దాన్ని గ్రాగ్ అంటాం. అది కలిపాక ముడత తగ్గింది, పగుళ్ళు ఆగాయి. నవంబరులో నాలుగు చిన్న కుండలు కిల్న్‌లో, అంటే కుండలు కాల్చే కొలిమిలో పెట్టి వెయ్యి డిగ్రీల దాకా కాల్చాం. తెరిచి చూస్తే ఇటుక రంగులో, ఒక్క గీటు లేకుండా ఉన్నాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు.

థాంక్స్‌గివింగ్ సెలవుల తర్వాత తిరిగొచ్చి చూస్తే ఆ నాలుగు కుండలకీ మశూచి వచ్చినట్టుంది. ఎక్కడికక్కడ పెచ్చు లేచిపోయి, ప్రతి గుంట నడుమా తెల్లటి చుక్క. బల్ల మీద పెంకుల పొడి. ఒకటైతే చేత్తో తీయబోతే రెండైంది.

ఆ రాత్రి అమ్మకి వీడియో కాల్‌లో చూపించాను. అమ్మ ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసి, "సున్నం పొంగిందే తల్లీ" అంది. ఒక్క క్షణంలో అంతా తెలిసిపోయింది. సంక్రాంతికి ముందు వెల్ల వేయడానికి కాల్చిన సున్నపురాళ్ళు తెచ్చి తొట్లో వేసి నీళ్ళు పోస్తే బుసబుస పొంగి, రాయి పొడైపోయేది గుర్తుందా? ఇక్కడి నల్లమట్టి కింద ఉన్నది సున్నపురాయే. మట్టిలో ఆవగింజంత సున్నపు గులకలు ఉన్నాయి, మా జల్లెడలోంచి జారిపోయాయి. కిల్న్‌లో అవి కాలి సున్నమయ్యాయి. తర్వాత గాలిలోని తేమ తాగి, గోడలోపలే పొంగి, మట్టిని పెచ్చులుగా ఎగదోశాయి. మర్నాడు క్లాసులో ఆ మట్టి మీద వెనిగర్ పోయించాను. సోడాలా నురగ వచ్చింది. కెమిస్ట్రీలో ఫెయిలయ్యే కుర్రాడొకడు ఆ చర్యని బోర్డు మీద తనే రాశాడు.

"రేగడితో కుండలు ఎవరన్నా చేస్తారా? మన కుమ్మరి తాత చెరువు మట్టి తెచ్చేవాడు, అదీ చూసి చూసి" అని అమ్మ అన్నది చాలా రోజులు నా చెవుల్లో ఉంది. శిల్పం చదివిన దాన్ని, పన్నెండేళ్ళుగా కిల్న్ నడుపుతున్నదాన్ని, ఆ తాత బండి మట్టిని వేళ్ళ మధ్య నలిపి వాసన చూసి తెలుసుకున్న సంగతి నాకు తెలియలేదు. ఆయన వాకిట్లో సారె తిరుగుతుంటే బడి ఎగ్గొట్టి చూసేదాన్ని. ఏ మట్టి, ఎక్కడిది అని ఒక్కసారి కూడా అడగలేదు. ఆయన ఇప్పుడు లేరు.

మేం కొన్న ఎర్రమట్టికే వచ్చాం. 25 పౌండ్ల బస్తా, అంటే పదకొండు కిలోలకి పైన. పిల్లలు కొంచెం నిరాశపడ్డారు. తోట మట్టిని పూర్తిగా వదలబుద్ధి కాక ఒకమ్మాయి దాన్ని పలచటి గుడ్డలో వడగట్టి, మూతల మీద రంగులా పూయడానికి దాచింది.

జనవరి అంతా చేతులతోనే గడిచింది. మా దగ్గర తొమ్మిది సారెలున్నాయి, అన్నీ కరెంటువి. రెండు లీటర్లు పట్టే గుండ్రటి కుండ ఒకేసారి లాగడం ఈ వయసు పిల్లలకి కష్టం. అందుకని రెండు గిన్నెలు చేయించాను. అవి వేలితో నొక్కితే సొట్టపడక, గోరుతో గీస్తే గీతపడే గట్టితనానికి వచ్చినప్పుడు అంచులు గరుకుగా గీకి, మట్టి పులుసు పూసి, ఒకదాని మీద ఒకటి బోర్లించి అతకాలి. ఆ అతుకు దగ్గరే మా పాఠమంతా ఉంది. ఒక గిన్నె మెత్తగా, ఒకటి గట్టిగా ఉంటే ఎండేటప్పుడు విడిపోతాయి. రెండూ ఒకే తడిలో ఉండాలి. దానికోసం పిల్లలు పొద్దున్నే వచ్చి తమ గిన్నెల మీద ప్లాస్టిక్ కవర్ తీసి, తాకి చూసి, మళ్ళీ కప్పి పోయేవాళ్ళు.

ఒక కుర్రాడి గురించి వివరంగా చెప్పాలి. సాయంత్రాలు వాళ్ళ మామయ్య టైర్ల షాపులో పనిచేస్తాడు. చేతులు బలమైనవి, సారె మీద మట్టి పెడితే నలిగిపోయేది. మూడు వారాలు అలాగే పాడయ్యాయి. "నాకు రాదు మిస్" అని ఫోన్ తీసి కూర్చున్నాడు. ఒక మధ్యాహ్నం అతని పక్కన కూర్చుని, ఏమీ చెప్పకుండా మట్టిని తాడులా పేని, చుట్ట మీద చుట్ట పెట్టి, చెంచా వెనకతో నిమురుతూ ఒక చిన్న ముంత చేశాను. మన దగ్గర పెద్ద బానల్ని లోపల రాయి ఆనించి బయట చెక్కతో కొట్టి పెంచుతారని చెప్పాను. రాయి అనగానే తలెత్తాడు. మర్నాడు నదిలో దొరికే నున్నటి గులకరాయి ఒకటి జేబులో వేసుకొచ్చాడు. ఆ బలమంతా అక్కడ పనికొచ్చింది. లోపల ఎడమ చెయ్యి, బయట చెక్క, టప్ టప్ టప్ అని ఒకే లయలో, గోడ అంతటా ఒకే మందం. క్లాసులో అందరికంటే పెద్ద కుండ అతనిదే అయింది, నాలుగు లీటర్లు పడుతుంది. నాకు అలా కొట్టడం ఇప్పటికీ అంత బాగా రాదు.

ఆ కుండ నా తప్పు వల్ల పోయింది. మార్చిలో స్ప్రింగ్ బ్రేక్ ముందే కాల్పు అయిపోవాలని తొందరపడ్డాను. మట్టి కుండని చెంపకి ఆనిస్తే చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టు. అతని కుండ కొంచెం చల్లగానే తగిలింది. అడుగు మందంగా ఉంది, ఇంకో నాలుగు రోజులు ఉంచాల్సింది. పోనీ రాత్రంతా తొంభై డిగ్రీల దగ్గర నిలిపి తడి పోనిచ్చినా సరిపోయేది. ఆ రెండూ చేయలేదు. నీరు ఆవిరైతే పదిహేడు వందల రెట్లు దాకా పెరుగుతుంది. అంత ఆవిరి మందపాటి మట్టిలోంచి బయటపడే దారి లేక కుండనే చీల్చుకుని వస్తుంది. పొద్దున మూత ఎత్తితే అతని కుండ లేదు, పెంకులున్నాయి. పక్కనున్న రెండు కుండలూ ఆ దెబ్బకి పోయాయి. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటారు కదా, ఆ గుదియ పట్టుకున్నది నేనే.

మొదటి పీరియడ్‌కి ముందే అతన్ని పిలిచి, పెంకులు చూపించి, ఇది నీ తప్పు కాదు, నేను తొందరపడ్డాను, క్షమించమని అడిగాను. "ఫర్వాలేదు మిస్" అన్నాడు. ఒక పెంకు తీసుకుని, మందం చూసి, జేబులో వేసుకున్నాడు. ఆ రోజు ఇంకేం మాట్లాడలేదు. సెలవుల తర్వాత సోమవారం ఏడున్నరకి నేను గది తాళం తీస్తుంటే తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, చేతిలో అదే గులకరాయి.

ఇంతకీ చెమట సంగతి. కాల్పు ఎక్కువైతే మట్టిలో రంధ్రాలు మూసుకుపోయి కుండ ఊరదు, తక్కువైతే బలం ఉండదు. కాల్పు ఎంత అన్నది మేం కోన్ అనే కొలతతో చెప్పుకుంటాం. మా స్కూల్లో మామూలుగా కోన్ 04కి, అంటే సుమారు 1060 డిగ్రీలకి కాలుస్తాం. ఈ కుండల్ని కోన్ 06కి, వెయ్యి డిగ్రీల దగ్గర ఆపాను. తర్వాత వంటింటి త్రాసు తెచ్చి, ఒక్కో కుండ నింపి తూచి, మర్నాడు అదే సమయానికి మళ్ళీ తూచాం. గంట గడిచేసరికి కొన్ని కుండల మీద రంగు ముదిరింది. ఇంకో గంటకి చెయ్యి పెడితే చల్లగా, తడిగా ఉన్నాయి. వేసవిలో మన ఇళ్ళల్లో ఇసుక మీద పెట్టిన కూజాని తాకినట్టే. పిల్లలు చెంపలు ఆనించి చూసుకున్నారు. ఎక్కువ కుండలు 24 గంటల్లో 150 నుంచి 200 గ్రాముల దాకా తగ్గాయి.

ఒకే ఒక్క కుండ 20 గ్రాములు కూడా తగ్గలేదు. అది క్లాసులో అన్నిటికంటే అందమైనది. దాన్ని చేసిన అమ్మాయి పచ్చి మీద స్టీలు చెంచాతో రెండు వారాలు నిమిరింది, అద్దంలా మెరిసేది. ఫిబ్రవరిలో ఆ కుండని వేస్ పోటీకి తీసుకెళ్ళాం. టెక్సస్‌లో హైస్కూల్ పిల్లల ఆర్ట్ పోటీ అది. పిల్లలు తమ పని గురించి జ్యూరర్ ఎదురుగా కూర్చుని స్వయంగా మాట్లాడాలి. టెన్షన్‌తో ముందు రాత్రి నిద్రపోని ఆ పిల్ల తడబడకుండా మాట్లాడి, అత్యధిక రేటింగ్ నాలుగు తెచ్చుకుంది. ఇప్పుడు అదే కుండ ఊరడం లేదు. అంతగా నిమరడం వల్ల పైపొర రంధ్రాలు పూడిపోయాయి. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను ఏదో చెప్పబోయేలోపే పక్కనున్న మెక్సికో అమ్మాయి, "ఇది మీ అమ్మకివ్వు. తోటకి ఇంకోటి చెయ్" అంది. పది రోజుల్లో ఇంకోటి చేసింది, చేతి గరుకు అలాగే వదిలేసి. మొదటిది వాళ్ళింట్లో టీవీ పక్కన ఉంది. నేను చూశాను, దాన్ని తుడవడానికి వాళ్ళమ్మ ప్రత్యేకంగా ఒక మెత్తటి గుడ్డ పెట్టుకుంది.

ఏప్రిల్ మొదటి వారంలో అమ్మ వచ్చింది. జెట్‌లాగ్ తీరకముందే స్కూలుకి వస్తానంది. చీరకి విజిటర్ స్టిక్కర్ అతికించుకుని గదిలోకి వచ్చి, బల్ల మీద వరసగా పెట్టిన 23 కుండల్ని చూసి, ఎవరూ అడగకుండానే పని మొదలుపెట్టింది. ఒక్కోదాన్ని ఎడమ అరచేతిలోకి ఎత్తి, కుడిచేతి వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుంది. సంతలో కుండ కొనేటప్పుడు చేసినట్టే. ఠంగ్ మంటే కింద పెట్టి, "బాగా కాలింది" అనేది. నేను ఇంగ్లీషులో చెప్పేదాన్ని. పిల్లలు ఊపిరి బిగబట్టి తమ కుండ వంతు కోసం చూశారు. పదిహేడోదాన్ని కొట్టి, మళ్ళీ కొట్టి, "దీనికి బీట ఉంది" అంది. ఎంత వెతికినా కంటికి కనపడలేదు. నీళ్ళు నింపితే పావుగంటలో మెడ కింద వెంట్రుకంత గీత తడితో బయటపడింది. నాలుగేళ్ళు కాలేజీలో చదివిన నేను ఆ కుండకి మంచి మార్కు వేసి ఉన్నాను. అప్పటినుంచి పిల్లలు ప్రతి కుండనీ కొట్టి చూస్తున్నారు. "అమ్మమ్మ టెస్ట్" అని దానికి వాళ్ళే పేరు పెట్టారు, అమ్మమ్మ అన్న మాట తెలుగులోనే.

మెడలకీ మూతలకీ మాత్రం గ్లేజ్ వేయనిచ్చాను, నేల పైన ఉండే భాగం గాలికి ఆరిపోకుండా. పిల్లలు తమ రంగుల సరదా అంతా ఆ నాలుగు వేళ్ళ జాగాలో తీర్చుకున్నారు. వడగట్టి దాచిన నల్లమట్టి ఒక మూత మీద ముదురు గోధుమరంగులో తేలింది.

పాతడం మే మూడో వారంలో శనివారం పెట్టుకున్నాం. సీనియర్లు తొమ్మిది మంది, ఇంకో వారంలో గ్రాడ్యుయేషన్. వాళ్ళ కుటుంబాలన్నిటినీ పిలిచాను. సాధారణంగా ఏడాది చివర గ్యాలరీలో బల్లల మీద పేర్లు పెట్టి ప్రదర్శన చేస్తాం. ఈసారి ప్రదర్శన నేల కింద. రేగడి తడిస్తే ఉబ్బి కుండని నొక్కేస్తుంది కాబట్టి గోతులు వెడల్పుగా తవ్వి, కుండ చుట్టూ జానెడు మేర కంపోస్ట్ కలిపిన వదులు మట్టి వేశాం. మావారు పొద్దున్నే అద్దెకి తెచ్చిన యంత్రంతో గోతులు తవ్వారు. మా అమ్మాయి మొక్కలకి పేర్లు రాసిన చెక్కలు పాతింది. మా అబ్బాయి నీళ్ళ పైపు పట్టుకుని అందర్నీ తడిపాడు.

అమ్మ నారు పోసిన గోంగూర, మెక్సికో అమ్మాయి అమ్మమ్మ తెచ్చిన మిరప, ఇంకొకరి టమాటా, నా సొరపాదు. ఆ పెద్దావిడ మోకాళ్ళ మీద కూర్చుని మేం నాటిన మొక్కలు చూసి తల అడ్డంగా ఊపింది. కుండకి రెండడుగుల దూరంలో పెట్టాం. లేత వేళ్ళు తడి దాకా వచ్చేలోపు ఎండిపోతాయని, ఒక్కొక్కటే పీకి జానెడు దూరంలోకి మార్చింది. అమ్మ ఆవిడ పక్కనే కూర్చుని మట్టి అదిమింది. ఇద్దరికీ ఒక్క మాట కూడా కలవదు. నాలుగు వరసలూ ఇద్దరే సరిచేశారు. తర్వాత పులిహోర, టమాలీలు, ఎవరో తెచ్చిన పుచ్చకాయలు.

ఒక్కో పిల్లనీ పిల్లాడినీ పేరుపెట్టి పిలిచి, ఈ ఏడాది ఆ చేతులు ఏం చేశాయో వాళ్ళ ఇంటివాళ్ళ ముందు చెప్పాను. రాసుకున్న కాగితం ఉంది కానీ చూడలేదు. వడగట్టిన మట్టి గురించి, బోర్డు మీద రాసిన రసాయన చర్య గురించి, రెండోసారి చేసిన గరుకు కుండ గురించి చెప్పాను. టైర్ల షాపు కుర్రాడి వంతు వచ్చినప్పుడు, నా తప్పు వల్ల పోయిన కుండ కంటే ఇది పెద్దదని చెప్పాను. వాళ్ళ మామయ్య షాపు బట్టల్లోనే వచ్చారు. మేనల్లుడు కుండ పాతుతుంటే వంగి దాని మెడ చుట్టూ చెయ్యి తిప్పి చూశారు. తర్వాత అమ్మని చూసి, అప్పటిదాకా అందరూ చేస్తున్నదే ఆయనా చేశారు. వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టారు.

జూన్ నుంచి నీళ్ళు పోయడానికి వంతులు వేసుకున్నాం. నాలుగు రోజులకి ఒకసారి నింపితే చాలు. చలికాలం రాకముందే కుండలు తీసి లోపల పెట్టాలి, లేకపోతే లోపలి నీరు గడ్డకట్టి పగులుతాయి. అది నవంబరు మాట. స్కూలు గోడకున్న కుళాయికి తాళంచెవి కావాలి. అది నా దగ్గరే ఉంది, అందుకని నేనూ అమ్మా సాయంత్రాలు వెళ్ళేవాళ్ళం. కుండల దగ్గర గోంగూర నడుము ఎత్తు వచ్చింది. కుండ లేని చివరి వరస వాడిపోయి, కింద నేల నెర్రెలిచ్చింది. జూలై నాటికి ఇంట్లో రెండురోజులకోసారి గోంగూర పచ్చడి, పప్పు. పిల్లల ఇళ్ళకి పంచగా మిగిలినవి అవి.

జూలై చివర్లో మాకు జ్వరాలొచ్చి వారం రోజులు ఎవరం కదల్లేదు. బయట ఎండ మండిపోతోంది. ఆ వారం వంతు నాదే, ఇంకెవరికీ చెప్పలేదు. తొమ్మిదో రోజు అమ్మ పోరితే వెళ్ళాం. కుండలు ఎండిపోయుంటాయి, సొరపాదు పోయుంటుందని కారులో అనుకుంటూనే ఉన్నాను. అమ్మ ముందు దిగి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, మొదటి కుండ మూత తీసింది. మెడ దాకా నీళ్ళు. రెండోదీ అంతే. "ఎవరో పోసి వెళ్ళారే" అంది.

పెద్ద కుండలో ఒక పుల్ల ఉంది. చాకుతో గాట్లు పెట్టి, ఒక్కో గాటు పక్కన పెన్నుతో తేదీ. మొదటి తేదీ జూన్‌లోది. నేను వెళ్ళని రోజులన్నీ అందులో ఉన్నాయి. కుళాయి తాళంచెవి నా పర్సులోనే ఉంది కాబట్టి నీళ్ళు బయటినుంచే రావాలి. పార్కింగ్ వైపు సిమెంటు మీద బకెట్ అడుగు పడిన గుండ్రటి తడి మరక కనిపించింది. ఆ ఎండలో ఇంకా ఆరలేదు.